రెండు రింగులు

షరీఫ్‌కు మనుషుల మాట మీద నమ్మకం పోయి చాలా కాలమైంది. అందులో ఆయన తప్పేమీ లేదు, చేసే ఉద్యోగం అలాంటిది. బస్సు కండక్టరు. నూనూగు మీసాలు మొలుస్తున్న కొడుకును ఒళ్ళో కూర్చోబెట్టుకుని "వీనికి ఇంక అయిదు నిండలే సారూ" అనే తల్లులను చూశాడు. టికెట్ అనగానే గాఢనిద్రలోకి జారుకునే పెద్దమనుషులను చూశాడు. వనపర్తి డిపోలో ఎవరినడిగినా చెబుతారు, షరీఫ్ కన్ను గప్పి ఒక్క కోడిపిల్ల కూడా బస్సెక్కలేదని. ఇంటికొచ్చాక యూనిఫాం విప్పి కొక్కేనికి తగిలించేవాడు గానీ ఆ కన్ను మాత్రం డ్యూటీ దిగేది కాదు.

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో ఆ కన్ను సొంత కూతురి సెల్‌ఫోను మీద పడింది.

కూతురు అంజుమ్. డిగ్రీ పూర్తిచేసింది. ఊరి బయట పాలను చల్లబరిచి హైదరాబాదుకు పంపే పాల కేంద్రం ఒకటుంది, అందులో పొద్దున పూట కంప్యూటరు ముందు కూర్చుంటుంది. ఊళ్ళ నుంచి వచ్చిన పాలలో వెన్న ఎంతుందో మిషన్ చెబితే దాన్ని ఎక్కించడం ఆమె పని. మధ్యాహ్నం ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తిని కంప్యూటర్ సెంటర్‌కు పోతుంది. అక్కడ ఏదో సర్టిఫికెట్ పరీక్షకు చదువుతోంది. అది హైదరాబాదు పోయి రాయాలి. అది పాసైతేనే కంప్యూటర్ కంపెనీల గుమ్మంలో కాలుపెట్టనిస్తారట. తాను తోడు వచ్చి రాయిస్తానని షరీఫ్ మాటిచ్చాడు. ఆ మాట మీదే పిల్ల పగలూ రాత్రీ పుస్తకం వదలడం లేదు.

ఇంతలో అయిజ నుంచి ఒక సంబంధం వచ్చింది. వాళ్ళకు చదువూ వద్దు, ఉద్యోగమూ వద్దు, పిల్ల ఇంటిపట్టున ఉంటే చాలు. షరీఫ్ ఔననలేదు, కాదనలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మిస్డ్ కాల్ సంగతి బయటపడింది.

మిస్డ్ కాల్ అంటే ఆ రోజుల్లో ఒక భాష. షరీఫ్ కూడా అందులో పండితుడే. బస్టాండులో దిగి ఇంటికి ఒక రింగిస్తే భార్య సుల్తానాబీ బియ్యం పొయ్యి మీద పెట్టేది. రెండు రింగులిస్తే ఇంకో ట్రిప్పు పడిందని అర్థం, కూర మూతపెట్టి పక్కన ఉంచేది. మాట ఖర్చు లేదు. ఒక్క రూపాయి బ్యాలెన్స్ ఉంటే నెలల తరబడి సంసారం నడిచేది. ఆ భాషలో ఒకటే నేరం, ఫోనెత్తడం. ఎత్తారో, అవతలివాడి రూపాయి గల్లంతు. ఆ తర్వాత వాడు రీచార్జి దొరికేదాకా మూగవాడే. పొరపాటున ఫోనెత్తినందుకు పలకరింపులు మానుకున్న బావామరుదులు వనపర్తిలోనే ఉన్నారు.

ఆ గురువారం షరీఫ్ సెలవు పెట్టాడు. అన్నాలయ్యాయి. అంజుమ్ ఫోను రెండుసార్లు మోగి ఆగింది. ఆమె నంబరు చూసి, అదే నంబరుకు ఒక రింగు ఇచ్చింది. వెంటనే వేరే నంబరు నొక్కి, రెండు రింగులయ్యాక కోసేసింది. గోడ గడియారం వంక చూసింది. కాసేపటికి అక్కడి నుంచి ఒక రింగు వచ్చింది. పిల్ల చిన్నగా నవ్వుకుంది. ఇంత తతంగంలో ఒక్క మాట లేదు. మాట్లాడితే చెవి పెట్టి వినొచ్చు, మాటే లేనిదాన్ని ఎలా పట్టుకోవడం?

"ఎవరు బేటీ?"

"కేంద్రం నుంచి అబ్బా. ప్రాక్టీసు." చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ప్రాక్టీసట! ఆమె తడుముకోకుండా చెప్పడమే ఆయనకు నచ్చలేదు. ముందే తయారు చేసుకున్న అబద్ధానికే ఆ నునుపు వస్తుందని ఆయన అనుభవం.

"దాన్నే కూసోబెట్టి అడుగు. నోరు లేదా నీకు?" అంది సుల్తానాబీ.

"టికెట్ లేనోన్ని టికెట్ ఉన్నదా అంటే లేదంటడా? దిగేటప్పుడు పట్టుకోవాలె. జర సబర్ చెయ్, ఆగు."

నిజానికి అంజుమ్ ఈ సంగతంతా అంతకు ముందే ఒక రాత్రి అన్నం దగ్గర చెప్పింది. కేంద్రంలో మిషన్ ఆగిపోతే ఎట్లా, ఎవరికి ఎవరు కబురు చేయాలి అని చాలాసేపు చెప్పి, చివరికి "అబ్బా, నేను దొరకకపోతే నా బదులు నీ నంబర్ రాస్తున్న, సరేనా?" అని కూడా అడిగింది. రెండు ట్రిప్పులు తిరిగొచ్చిన షరీఫ్ సగం నిద్రలో ముద్ద నములుతూ "రాసుకో బేటీ, రాసుకో" అన్నాడు. రేషన్ కార్డు సంగతి అనుకున్నాడు. తెల్లారేసరికి అదీ మరిచిపోయాడు.

ఆ రింగులు చూసిన మరుసటి రోజు నుంచి షరీఫ్ దర్యాప్తు మొదలైంది. పిల్ల స్నానానికి పోయినప్పుడు ఆ రెండు నంబర్లూ చూసి పెట్టుకున్నాడు. బస్టాండులోని కాయిన్ బాక్సు నుంచి మొదటి నంబరుకు చేశాడు. "హలో, భాస్కర్‌ను. ఎవరు?" అంది ఒక కుర్ర గొంతు. షరీఫ్ టక్కున పెట్టేశాడు. ఒళ్ళంతా మండింది. రెండో నంబరుకు చేస్తే ఎవరో నడివయసు ఆడమనిషి ఎత్తింది. "రాధమ్మను. ఎవరు మీరు? ఈ నంబర్‌కు ఎవరు మాట్లాడరే, రింగులే ఇస్తరు!" అంది. ఇక చెప్పేదేముంది? కుర్రాడు దొరికాడు, మధ్యలో రాయబారం నడిపే ఆడమనిషీ దొరికింది. షరీఫ్ బుర్రలో కథ మొత్తం తయారైపోయింది. అందులో లేనిది నిజం ఒక్కటే.

భాస్కర్ ఎవరో కనుక్కోవడం కష్టం కాలేదు. పాల కేంద్రంలో మిషన్లు చూసుకునే కుర్రాడు. బైకుంది. జుట్టు కొంచెం ఎక్కువుంది. షరీఫ్‌కు ఆ జుట్టే సాక్ష్యమైపోయింది.

ఆ తర్వాత ఆయన కంప్యూటర్ సెంటర్ మీద పడ్డాడు. పిల్లను తీసుకుపోవడానికి వచ్చినట్టు వచ్చి గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. లోపల శ్రవణ్ కుమార్ అనే మాస్టరు పాఠం చెబుతున్నాడు. కంప్యూటర్ల పాఠమైతే మౌసు, కీబోర్డు, ఇంకేవో వైర్ల గురించి ఉండాలి కదా. ఆ మాస్టరు చెబుతున్నది వేరేగా ఉంది.

"కరెంటు పోతది. మిషన్ పోతది. వానకు రోడ్డు పోతది. పనిచేసే మనిషే మంచానపడ్తడు. ఏది పోయినా పని మాత్రం పోవద్దు. దాన్నే కంటిన్యూటీ ప్లాన్ అంటరు. ముందుగాల ఏం ఆలోచించాలె?"

"మనుషుల పానం సార్," అంది ఒక గొంతు. అంజుమ్‌దే.

"శభాష్. పానం తర్వాత? ఏ పని ఆగితే ఎక్కువ నష్టం? అది ఎంతసేపు ఆగినా ఓర్చుకోవచ్చు? పాల కేంద్రమే తీసుకోండ్రి. కంప్యూటర్ రెండు రోజులు ఆగినా పర్వాలే, చేత్తో రాసుకుంటరు. చల్లదనం ఆగితే? ఒక్క పూటలనే పాలు విరిగిపోతయ్. అంటే మన ప్లాన్ల కంప్యూటర్ ముందు కాదు, చల్లదనం ముందు. ఒకరు లేకపోతే వాళ్ళ బదులు ఎవరు? కబురు ఎట్ల పోతది? ఇదంతా రాసి గోడకు అతికిస్తే పరీక్షల మార్కులు రావు. ప్రాక్టీస్ చెయ్యాలె. చెప్పకుండ చెయ్యాలె."

షరీఫ్ బెంచీ మీద కదిలాడు. పొద్దస్తమానం అది పోతే, ఇది పోతే అని అపశకునాలు పలికే చదువేమిటి? అల్లా దయవల్ల అన్నీ బాగుండగా పాలు విరిగిపోవాలని కోరుకునే మాస్టరేమిటి? ఇది చదువు కాదు, చదువు ముసుగు అని తేల్చుకున్నాడు. 'ప్రాక్టీస్' అన్న మాట చెవిన పడకపోలేదు. పడినందుకు అనుమానం తగ్గాలి. షరీఫ్‌కు పెరిగింది. మాస్టరు కూడా వాళ్ళతో కలిశాడన్నమాట!

"ఈ పరీక్ష అయ్యేది లేదు, పోయేది లేదు. అయిజ వాళ్ళకు ఔనని చెప్త," అన్నాడు ఆ సాయంత్రం భార్యతో. సుల్తానాబీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్లకు మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు. ముందు ఆ కుర్రాణ్ని రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలి, తర్వాత చెప్పాలి అని షరీఫ్ పట్టుదల.

అందుకని ఒక పొద్దున డ్యూటీకి బయలుదేరుతూ కూతురి ఫోను తీసి తన టికెట్ల సంచిలో వేసుకున్నాడు. దొంగతనం అన్న మాట ఆయనకు తట్టలేదు. తండ్రికి కూతురి ఫోను మీద ఆ మాత్రం హక్కు లేదా అనుకున్నాడు.

ఆ రోజు డ్యూటీ శ్రీరంగాపూర్ మీదుగా పెబ్బేరు పోయి వచ్చే పల్లెవెలుగు. డ్రైవరు బుచ్చన్న. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. బస్సు పెబ్బేరు పొలిమేరకు వచ్చేసరికి సంచిలో ఫోను రెండుసార్లు మోగి ఆగింది. షరీఫ్ తీసి చూశాడు. భాస్కరే. పెదవి కొరుక్కుని ఊరుకున్నాడు. కొంతసేపటికి మళ్ళీ రెండు రింగులు. ఊరుకున్నాడు. ఈసారి మోగింది చొక్కా జేబులోని ఆయన సొంత ఫోను. అదే నంబరు. రెండు రింగులు!

షరీఫ్‌కు కళ్ళు బైర్లు కమ్మాయి. పిల్ల పలకకపోతే తండ్రికే రింగిస్తాడా? ఎంత బరితెగింపు! మళ్ళీ మోగింది. ఈసారి షరీఫ్ రెండో రింగు దాకా ఆగలేదు. ఆ భాషలో ఉన్న ఒకే ఒక్క నేరం తెలిసి తెలిసి చేశాడు. పచ్చ బటన్ నొక్కాడు.

నొక్కి, చెవి దగ్గర పెట్టుకోలేదు. చెయ్యి చాచి ఫోనును బస్సు కిటికీ బయట పెట్టాడు. గాలితో మాట్లాడుకోరా కొడకా, నీ రూపాయి మొత్తం గాలికే పోనీ అని పండ్లు బిగించి నవ్వాడు. బయట వేడిగాలి రొద, ఎదురుగా వచ్చే లారీల హారన్లు. ఫోనులోంచి చీమంత గొంతు ఏదో అంటూనే ఉంది. తర్వాత అది కూడా ఆగిపోయింది. బ్యాలెన్స్ ఖతం. షరీఫ్ ఫోను లోపలికి తీసుకుని జేబులో వేసుకున్నాడు. చాలా రోజుల తర్వాత మనసు చల్లగా అనిపించింది.

"ఫోన్ల ఎవరు అన్నా?" అన్నాడు బుచ్చన్న.

"ఎవడో టికెట్ లేనోడు."

పెబ్బేరులో చాయ్ తాగి, సాయంత్రం ట్రిప్పు వేసుకుని బస్సు వెనక్కి తిరిగింది. శ్రీరంగాపూర్ స్టాపులో పాల క్యాన్లు వరుసగా పెట్టుకుని నలుగురైదుగురు ఆడవాళ్ళు ఆటో కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకామె చేతిలో ఫోను పట్టుకుని ఊరి పాలన్నీ తనవే అన్నట్టు అందరికీ హుకుంలు జారీ చేస్తోంది. షరీఫ్ ఆ గొంతు గుర్తుపట్టాడు. కాయిన్ బాక్సులో విన్న గొంతు.

మెట్టు మీద నిలబడే "రాధమ్మ అంటే నువ్వేనా?" అని గద్దించాడు.

"నేనే. ఏంది సారూ?"

"నీకు వనపర్తి నుంచి రింగులెందుకొస్తయ్? ఎవరిస్తరు? నిజం చెప్పు."

రాధమ్మ ఆయనను ఎగాదిగా చూసింది. "పాలకు సారూ. కేంద్రంల మిషన్ ఆగిపోతే అంజుమ్ బిడ్డ రెండు రింగులిస్తది. అంటే పాలు పంపొద్దని లెక్క. నేను ఈ చుట్టుపక్కల ఊళ్ళకు చెప్త. మేం పాలు కాచి తోడేసుకుంటం, లేకపోతే కోవా చేసుకుంటం, పాడుకావు. గురువారం గురువారం ఉత్తగనే ఆడుతం, మర్చిపోకుండ. ఇయ్యాల రింగు రాలే, అంటే అంత మంచిగున్నట్టే. పిల్ల బలే తెలివైంది సారూ. తన బదులు వాళ్ళ నాయన పేరు పెట్టిందంట. ఫోను పనిచెయ్యకున్నా నాయనకు బస్సు ఉంటది, ఎట్లనన్న కబురు తెస్తడు, ఆయన మాట తప్పడు అని చెప్పింది."

షరీఫ్ చెయ్యి అప్రయత్నంగా సంచి మీదికి పోయింది. కిటికీ బయట గాలిలో కలిసిపోయిన ఆ చీమంత గొంతు ఇప్పుడు చెవుల్లో హోరుమంది. వాడు కూతురితో సరసానికి కాదు, పాలు ఆపమని చెప్పడానికి అరిచాడు. తన రూపాయి అయిపోయేదాకా అరిచాడు.

"పాలు పంపకండ్రి!" అన్నాడు. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మళ్ళీ అరిచాడు. "మిషన్ ఆగింది. పంపకండ్రి!"

"మరి రింగు..."

"నేనే ఆ నాయనను. పంపకండ్రి అక్కా, దండం పెడ్త!"

రాధమ్మ ఊరి వైపు చెయ్యి చూపింది. ఆడవాళ్ళు క్యాన్లు నెత్తికెత్తుకున్నారు. అక్కడి నుంచి వనపర్తి దాకా ప్రతి స్టాపులో షరీఫ్ ఈల ఊది, మెట్టు మీద వేలాడుతూ అదే కేక వేశాడు. టికెట్లు కొట్టడం మరిచిపోయాడు. ఆ రోజు ఆయన బస్సులో ఎందరు ఊరికే ప్రయాణం చేశారో ఆయనకే తెలియదు. కానీ చివరి రెండు ఊళ్ళ పాలు అప్పటికే ఆటో ఎక్కి వెళ్ళిపోయాయి. పాకలో రెండు బర్రెలు తప్ప వేరే ఆధారం లేని మల్లమ్మ పాలు కూడా వాటిలోనే ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి అంజుమ్ ఇల్లంతా తలకిందులు చేస్తోంది. "అమ్మీ, ఫోన్ యాడనో పడిపోయినట్టుంది. రింగిచ్చి వెతుకుదామంటే నీ ఫోన్ల బ్యాలెన్స్ లేకపాయె. కేంద్రంల పాలు చల్లబరిచే కంప్రెసర్ కాలిందంట. భాస్కర్ నాకు రింగులిచ్చిండంట. ఏం జేయాలె ఇప్పుడు?" ఏడుపు ఆపుకుంటోంది. షరీఫ్ సంచి కొక్కేనికి తగిలించి చూస్తూ నిలబడ్డాడు. చెప్పాలనే అనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. "దొరుకుతది లే బేటీ," అన్నాడు.

మరునాడు పొద్దున కేంద్రం యజమాని కృష్ణయ్య మనిషిని పంపాడు, అంజుమ్‌తోపాటు షరీఫ్‌ను కూడా వెంటబెట్టుకు రమ్మని. షరీఫ్ డ్యూటీకి పోతూ పోతూ సంచితోనే వెళ్ళాడు. కేంద్రం ముందు పుల్లటి వాసన. విరిగిన పాలను కాలువలోకి వంచుతున్నారు. మల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ తెల్లటి ధారనే చూస్తోంది. ఆమె ఎవరినీ తిట్టలేదు. తిట్టినా బాగుండేదని షరీఫ్‌కు అనిపించింది.

కృష్ణయ్య ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "షరీఫ్ సాబ్, నువ్వు లేకపోతే శ్రీరంగాపూర్ దిక్కు పాలన్ని పోయేటియి. బస్సుల కేకలేసుకుంట వచ్చినవంట! నీ రుణం తీర్చుకోలేను."

షరీఫ్ తల దించుకున్నాడు. వినయమనుకున్నారు అందరూ.

లోపల గదిలో గోడకు అంజుమ్ గీసిన పటం అతికించి ఉంది. భాస్కర్ పేరు నుంచి అంజుమ్ పేరుకు ఒక గీత, అక్కడి నుంచి రాధమ్మకు. అంజుమ్ పేరు పక్కనే చిన్న అక్షరాల్లో 'బదులు: అబ్బా' అని ఉంది. షరీఫ్ దాని వైపు రెండోసారి చూడలేకపోయాడు.

"ఇగ ఈ కబురు గొలుసు యాడ తెగిందో చూద్దాం," అన్నాడు కృష్ణయ్య.

అంజుమ్ లేచి నిలబడింది. "నా దగ్గరనే సార్. ఫోన్ పోగొట్టుకున్న. తప్పు నాదే."

"ఫోను భద్రంగ పెట్టుకోలేని పిల్లను నమ్మి ఇన్ని ఊళ్ళ పాలు ఎట్ల పెట్టాలె చెప్పు? ఇది అయ్యే పని కాదు. రేపటి నుంచి..."

"ఆగుండ్రి సార్," అన్నాడు భాస్కర్. "అంజుమ్ పలకకపోతే షరీఫ్ సాబ్‌కు రింగిచ్చిన. ఆయన ఫోన్ ఎత్తిండు. ఎత్తిండంటే వింటుండనే గదా! బ్యాలెన్స్ అయిపోయేదాక మొత్తం చెప్పిన. ఇగ ఫికర్ లేదని మిషన్ పని చూసుకున్న. గప్పుడే చెప్తే ఈ రెండు ఊళ్ళ పాలు గూడ ఆగేటియి. పొద్దుగూకినంక చెప్పినవేంది సాబ్?"

గదిలో అందరూ షరీఫ్ వైపు తిరిగారు. ఆ చూపు ఆయనకు బాగా తెలుసు. ఇన్నేళ్ళూ తాను జనం మీద వేసిన చూపే అది.

"బస్సుల సప్పుడు... సరిగ్గ వినపడలే," అన్నాడు. ఆ గొంతు తనకే కొత్తగా వినిపించింది. మీసాలొచ్చిన కొడుకుకు అయిదు నిండలేదనే తల్లి గొంతులా ఉంది.

"ఎవరికన్నా దొరికిందేమో, చూద్దాం," అంటూ భాస్కర్ తన ఫోను తీసి అంజుమ్ నంబరు నొక్కాడు. పొద్దున్నే రీచార్జి వేయించుకున్నాడు.

షరీఫ్ నడుము దగ్గర, టికెట్ల సంచిలో, ఫోను మోగింది. ఒక రింగు. రెండో రింగు. అలవాటు కొద్దీ భాస్కర్ కోసేశాడు.

బయట పాలు వంచుతున్న చప్పుడు వినిపిస్తోంది. అంజుమ్ తండ్రి ముఖంలోకి చూసింది. ముందు అర్థం కాలేదు ఆమెకు, తర్వాత మొత్తం అర్థమైంది. ఆ అర్థం కావడం షరీఫ్ కళ్ళారా చూశాడు. ఆయన బతుకులో అంత అవమానం ఎన్నడూ ఎరగడు. అయినా ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

"నేనే తీసిన. నా బిడ్డ మీద అనుమానపడ్డ. ఈ పిలగాని మీద గూడ. బిడ్డది ఏం తప్పు లేదు సార్. గొలుసు నా దగ్గర తెగింది."

కృష్ణయ్య కుర్చీలో కూర్చుండిపోయాడు. అంజుమ్ పెన్ను తీసుకుంది. గోడ దగ్గరికి పోయి 'బదులు: అబ్బా' అన్న మాటను కొట్టేసింది. కోపంగా కాదు, చాలా శ్రద్ధగా, అడ్డంగా ఒకే గీత. ఆ గీత షరీఫ్ గుండె మీద గీసినట్టే ఉంది.

షరీఫ్ డ్యూటీ మాట మరిచి కూతురి వెనకే ఇంటి దాకా నడిచాడు. గుమ్మం దగ్గర ఆమె ఆగింది.

"ఎవరి పేరు రాయాలె అని క్లాసుల సార్‌ను అడిగినప్పుడు, మీ ఇంట్ల ఎప్పటికి మాట తప్పని మనిషి పేరు రాయమన్నడు అబ్బా. నేను ఆలోచించను గూడ ఆలోచించలే."

షరీఫ్ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తెల్లారి అయిజకు తానే పోయి, పిల్ల పరీక్ష రాసుకుంటోంది, ఇప్పుడే పెళ్ళి ఊసు లేదని చెప్పి వచ్చాడు. మల్లమ్మ ఇంటికీ పోయాడు. ఆమె ముందు నిలబడి క్షమాపణ అడిగాడు. ఆమె మంచినీళ్ళిచ్చింది, క్షమించానని మాత్రం అనలేదు.

తర్వాతి నెలలో మాటిచ్చినట్టే కూతురిని హైదరాబాదు తీసుకుపోయాడు. ఆమె లోపల పరీక్ష రాస్తున్నంతసేపూ రోడ్డవతల చెట్టు నీడన నిలబడ్డాడు. ఆ పరీక్షలో ఫలితం కూడా కంప్యూటరు అక్కడికక్కడే చెప్పేస్తుంది. ఆమె బయటికొచ్చింది. ముఖం చూడగానే పాసైందని తెలిసింది.

తిరుగు బస్సులో చాలా దూరం వచ్చాక అడిగాడు. "ఏమడిగిండ్రు బేటీ?"

"చాన అడిగిండ్రు. గొలుసుల ఒక మనిషి పలకకపోతే ఏం జేస్తవ్ అని గూడ అడిగిండ్రు."

"ఏం చెప్పినవ్?"

"వాళ్ళ బదులు ముందే ఇంకో మనిషి ఉండాలె అని పెట్టిన."

షరీఫ్ కిటికీలోంచి బయటికి చూశాడు. షాద్‌నగర్ దాటింది. "నా పేరు మల్ల రాయవా?"

అంజుమ్ ఇటు తిరిగింది. తండ్రి చేతిలోని టిఫిన్ డబ్బా అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. "ఊరికెనే రాస్తరా అబ్బా? ప్రాక్టీసుల చూడాలె," అంది.

ఒక గురువారం పెబ్బేరు బస్టాండులో, చాయ్ గ్లాసు నోటిదాకా వచ్చినప్పుడు షరీఫ్ జేబులో ఫోను మోగింది. చూశాడు. అంజుమ్. బొటనవేలు తనంతట తానే పచ్చ బటన్ మీదికి పోయింది. అక్కడే ఆగింది. ఒక రింగు. రెండు. ఆగిపోయింది.

షరీఫ్ చాయ్ కింద పెట్టేశాడు. కూతురి నంబరుకు ఒక రింగు ఇచ్చి కోశాడు. శ్రీరంగాపూర్ రాధమ్మ నంబరు వెతికి రెండు రింగులిచ్చి కోశాడు. చేతిలో ఫోను పట్టుకుని పరీక్ష రాసిన పిల్లాడిలా నిలబడ్డాడు. కాసేపటికి అక్కడి నుంచి ఒక రింగు వచ్చింది. తనకు తెలియకుండానే చిన్నగా నవ్వుకున్నాడు.

ఇదంతా ఎదురు బెంచీ మీద నుంచి చూస్తున్న బుచ్చన్న గ్లాసు దించాడు.

"ఒక్క మాట లేదు, ముచ్చట లేదు, ఒక్కతీరు రింగులే. ఎవరు అన్నా?"

"కేంద్రం నుంచి బుచ్చన్నా. ప్రాక్టీసు."

బుచ్చన్న చాయ్ తాగుతూ ఆయన వంక అనుమానంగా చూశాడు.